లాసో మాటకు తీర్పు చెప్పిన పెద్దమనిషి

రామలింగేశ్వరరావుగారి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళం ఉగాదికి హాలు తీసుకుని, పిల్లలకు ‘మాట పుట్టుక’ పోటీ పెట్టుకున్నాం. ఏదో ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలుగులో చెప్పాలి. ఆయన జడ్జి.

మా ప్రణీత ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. అలాంటిది, ఫ్రెండు వాళ్ళ ఫామ్‌లో దూడల మీదికి తాడు విసరడం నేర్చుకున్న దగ్గర్నుంచి దానికి లాసో పిచ్చి పట్టింది. ఆ మాట గురించే చెబుతానంది, అదీ తెలుగులో. రోజూ వంటింట్లో నా వెంటపడి ఒక్కో వాక్యం కూడబలుక్కుంది. నా కూతురు నా భాషలో మాట్లాడుతోందని ఎంత పొంగిపోయానో నాకే తెలుసు.

స్టేజీ ఎక్కి చక్కగా మొదలుపెట్టింది. “లాసో అంటే కౌబాయ్ తాడు. చివర జారుముడి ఉంటుంది. లాగితే బిగుస్తుంది. ఇది స్పానిష్ మాట. దానికి ముందు లాటిన్. అక్కడ ఉచ్చు అని అర్థం.”

రామలింగేశ్వరరావుగారు మైకు అందుకున్నారు. “ఆగు తల్లీ. అది మన పాశం. యముడి చేతిలో ఉండేది. పాశం కాస్తా లాసమైంది, లాసం లాసో అయింది. వాళ్ళు మన దగ్గర్నుంచే ఎత్తుకుపోయారు. అలా మార్చి చెప్పు, ఫస్ట్ ప్రైజ్ నీదే.”

“నేను డిక్షనరీలో చూశాను అంకుల్,” అంది ప్రణీత.

“డిక్షనరీ రాసింది తెల్లవాళ్ళే కదమ్మా.”

హాలంతా నవ్వింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఎవరు చెబుతారు? ప్రపంచంలో ప్రతి మాటా మన ఇంట్లోనే పుట్టాలా? పుట్టకపోతే మనకేం తక్కువ? ఆయన వదలకుండా “పాశం అను తల్లీ” అంటూనే ఉన్నారు. పిల్ల నావైపు చూసింది. వద్దని తలూపాను.

“అది నిజం కాదు కదా అంకుల్,” అంది. ఆ తర్వాత దానికి తెలుగు మాట దొరకలేదు. మిగతాదంతా ఇంగ్లీషులో గబగబా చెప్పేసి దిగిపోయింది.

ఆయన నిట్టూర్చారు. “చూశారా, మన పిల్లలకు తెలుగు రావట్లేదు. తప్పు తల్లిదండ్రులదే.”

నేను లేచాను. “వచ్చు అంకుల్. ఇప్పటిదాకా మీ ముందే మాట్లాడింది. మీరే నోరు మూయించారు.”

“ఆవేశపడకమ్మా ఆశాజ్యోతీ,” అన్నారాయన, నవ్వుతూనే.

ఇంటికి వెళ్తూ కార్లో అడిగాను, ఆకలేస్తోందా అని.

“ఐ యామ్ ఫైన్, మమ్,” అంది. ఎంత ఇంగ్లీషు మాట్లాడినా, అంతవరకూ నన్ను అమ్మా అనే పిలిచేది.