చక్రాల రంగు

"రంగు మాత్రం నువ్వే చెప్పు సున్నీ. నలుపా, బూడిదా?" అన్నాడు ఆస్గేర్, లాప్‌టాప్‌ని బ్రెడ్డు ముక్కల మధ్యనుంచి ఇటు తోస్తూ.

సున్నివ, కూతురు తీరిల్ టిఫిన్ డబ్బాలో చీజు ముక్కలు సర్దుతోంది. తెరమీద ఉన్నది వాళ్ళ కారే. ఇరవయ్యొక్క అంగుళాల కొత్త చక్రాలు, సన్నటి ఊచలు, చుట్టూ ఉందా లేదా అన్నట్టు పల్చటి రబ్బరు. చలికాలపు టైర్లే గానీ, మంచుని కరిచిపట్టే ఇనుప మేకులు లేనివి. సైజూ, వెడల్పూ, కంపెనీ అన్నీ ఆయనే తేల్చేశాడు. పాత చలికాలపు చక్రాలు, కొత్తవాటికి చోటు కావాలని, వేసవిలోనే అమ్మేశాడు. ఇక మిగిలింది రంగు. వంటిల్లు బాగుచేయించినప్పుడూ ఇంతే. ఏ గోడ కూల్చాలో ఆయన చెప్పాడు, మిగిలిన గోడలకి ఏ రంగు వెయ్యాలో ఈవిణ్ణి అడిగాడు. నా భార్యని అడక్కుండా నేనేదీ చెయ్యనని ఇప్పటికీ అందరితో అంటుంటాడు, నిజమేననుకుంటూ.

"మేకులున్నవి తీసుకుంటే..."

"మళ్ళీ మొదలెట్టావా? అంత బండి కొని తిరగలి తోసుకుపోతున్నట్టు ఆ కరకర ఏంటి! ఛార్జింగు కూడా తినేస్తాయవి."

"పోనీ చిన్న చక్రాలు, సన్నవి..."

"నీకు వందసార్లు చెప్పాను. దీని బ్రేకులు పెద్దవి. చిన్న చక్రం వాటిమీద కూర్చోదు. ఇది స్పోర్ట్స్ బండి సున్నీ, అమ్మమ్మల బండి కాదు."

సున్నివ డబ్బా మూత నొక్కింది. రంగు తర్వాత చెప్తానంది. చెప్పకపోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది. రంగు తేలకపోతే చక్రాలు రావు.

బండి ఆయనది, నడిపేది ఈవిడ. ఆయనకి ఆఫీసు మేడమీద గదిలోనే. ఈవిడ పనిచేసే వృద్ధాశ్రమం కింద, సముద్రపు పాయ ఒడ్డున ఉంది. తీరిల్ బడి దాని పక్కనే. కొండమీది ఇంటినుంచి కిందికి ఒకటే రోడ్డు, దాని దిగువన, నీళ్ళ అంచున పడవల షెడ్డు మలుపు. అక్కడ చలికాలమంతా ఎండ పడదు. పట్టిన మంచు పట్టినట్టే, గాజులా ఉంటుంది. పోయిన నవంబరులో ఆ మలుపులోనే పెడల్ మీంచి కాలు కాస్త గబుక్కున తీసింది. ఈ కరెంటు బళ్ళలో కాలు తీస్తే చాలు, మోటారే బ్రేకు వేస్తుంది. చక్రాలు బిగిశాయి, బండి తోక తిరిగింది. ముందు అద్దంలో కనబడాల్సిన రోడ్డు పక్క అద్దంలో కనబడింది, ముందు అద్దంనిండా నల్లటి నీళ్ళు. ఎలా ఆగిందో ఆమెకి తెలీదు. రోడ్డు పక్క మంచు కుప్పకి ఒరుసుకుని దానంతటది ఆగింది.

వెనక సీట్లో తీరిల్ చప్పట్లు కొట్టింది. "అమ్మా, మళ్ళీ చెయ్యి!"

సున్నివ నవ్వింది. పిల్ల భయపడకూడదని నవ్వింది. ఆ రోజు ఆశ్రమంలో ఒక ముసలాయన కాళ్ళు కడుగుతుంటే, "నీ చేతులెందుకమ్మా వణుకుతున్నాయి?" అని ఆయనే అడిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయంది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఏమొస్తుందో ఆమెకి వల్లెవేసినట్టు తెలుసు. "నడిపేవాళ్ళని బట్టి ఉంటుంది," అంటాడు. అత్తగారు బోర్గ్‌హిల్ పక్కింట్లోనే ఉంటుంది, ఆవిడా ఓ మాట వేస్తుంది. "మా రోజుల్లో టైర్లకి గొలుసులు కట్టుకుని దిగేవాళ్ళమమ్మాయ్. వాడికున్నది ఆ బండి సరదా ఒక్కటే, అదీ లాక్కుంటావా?" ఆడా మగా సమానమని చంటిపిల్లలకి కూడా నూరిపోసే దేశం ఈ నార్వే. ఆ సమానం కారు గరాజు గుమ్మందాకా వచ్చి బూట్లు విడిచి బయటే నిలబడుతుంది.

అందుకని భయం ఆమె ఒక్కదానిదే అయింది. సెప్టెంబరు వచ్చిందంటే కాఫీకంటే ముందు కిటికీ బయటి థర్మామీటరు చూస్తుంది. ఆ మలుపు వచ్చేముందు ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది. మొన్నొకనాడు తీరిల్ కూడా సరిగ్గా అక్కడే ఊపిరి బిగబట్టింది. "ఎందుకే?" అంటే, "నువ్వు బిగబడతావుగా, ఇది మన ఆట కదా," అంది. తన భయం పిల్ల ఒంట్లోకి అప్పుడే పాకింది.

అక్టోబరులో ఆస్గేర్ స్నేహితులతో దుప్పుల వేటకి అడవికెళ్ళాడు, ఏటా వెళ్ళినట్టే. ఆ శనివారం సున్నివ గరాజు తలుపు లోపల్నుంచి గడియపెట్టుకుంది. దొంగతనం చేస్తున్నట్టు ఒళ్ళంతా చెమటలు. జాకీ పెట్టి చక్రం ఊడదీసింది. చక్రాల కంపెనీవాళ్ళు పందొమ్మిది అంగుళాల చక్రం లోపలి ఆకారాన్ని అసలు కొలతల్లో గీసి ఇంటర్నెట్‌లో పెడతారు. దాన్ని ముద్రించి, అట్టపెట్టె ముక్కకి అతికించి, తీరిల్ చొక్కాకి గుడ్డ కత్తిరించినంత జాగ్రత్తగా కత్తిరించింది. ఆ అట్టని బ్రేకు మీద పెట్టి చూసింది. ఎక్కడా తగల్లేదు. మధ్యలో చిటికెనవేలు దూరేంత సందు. ముందువైపు చూసింది, వెనకవైపు చూసింది. కూర్చుంటుంది! వందసార్లు చెప్పిన మనిషి ఒక్కసారీ పెట్టి చూడలేదు. ఆ గరాజు నేలమీద కూర్చుని ఆమె ఏడ్చింది. సంతోషానికి కాదు, ఇన్నాళ్ళూ నమ్మినందుకు. అట్టముక్కని తన అల్లిక సంచిలో, ఊలు ఉండల కింద దాచింది.

దాచినదాన్ని బయటికి తీసే ధైర్యం మాత్రం రాలేదు. ఆయన వేటనుంచి వచ్చాడు, రంగు అడిగాడు, ఆమె మళ్ళీ దాటేసింది. ఈలోగా మొదటి మంచు పట్టింది. మొదటి మంచు పట్టిన పొద్దునే ఊరంతా టైర్ల షాపు ముందు వరసకట్టడం అక్కడి ఆనవాయితీ, ముందే మార్చుకోవచ్చని ఎన్నేళ్ళు చెప్పుకున్నా.

"పద, షాపులోనే రంగు చెప్పేద్దువు," అన్నాడు ఆస్గేర్. "నువ్వు నడుపు, నాకు ఫోన్లో మీటింగుంది."

తీరిల్‌ని అత్తగారింట్లో వదిలి, అల్లిక సంచి తీసుకుంది. "షాపులో అల్లికేంటమ్మాయ్?" అంది బోర్గ్‌హిల్. వరస పెద్దదుంటుందంది సున్నివ.

ఇంకా వేసవి టైర్లే. నడిచే మనిషికంటే నెమ్మదిగా దింపింది. అయినా పడవల షెడ్డు దగ్గర చక్రాల కింద రోడ్డు మాయమైంది. వెనకభాగం పక్కకి జారడం వెన్నులో తెలిసింది. కాలు తియ్యకు, తియ్యకు, అనుకుంది. స్టీరింగు చిన్నగా తిప్పి పట్టుకుంది. బండి ఒకసారి ఊగి, వెనక్కొచ్చి, అంచుకి కాస్త ఇవతల ఆగింది.

"సున్నివా!" ఆస్గేర్ రెండు చేతులతో తలుపు పట్టుకుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. కింద పడ్డ ఫోన్లోంచి ఎవరో "హలో, ఆస్గేర్, ఉన్నావా?" అంటున్నారు.

"పోయిన నవంబరులో కూడా ఇక్కడే జారింది," అందామె. "వెనకాల తీరిల్ ఉంది."

ఆయన నీళ్ళకేసి చూశాడు. ఇప్పుడు ఆయనకి అర్థమవుతుంది, ఒక్కసారి తన ఒంటికి తగిలితే చాలు, అని ఏడాదిగా ఆమె లోలోపల ఆశపడుతూనే ఉంది. ఆస్గేర్ ఫోను తీసుకుని దుమ్ము తుడిచాడు.

"నిన్ను మంచు డ్రైవింగు క్లాసులో చేర్పించాలి," అన్నాడు. "కొత్త చక్రాలొచ్చేలోపు."

సున్నివ బండిని షాపుదాకా పోనిచ్చింది. లోపల కాఫీ వాసన, రబ్బరు వాసన, ఊళ్ళోవాళ్ళ గోల. తమ వంతు రాగానే ఆస్గేర్ కౌంటరు మీదికి వాలి, "ఇరవయ్యొక్క అంగుళాలవి, నిన్న మాట్లాడాను కదా. రంగు మా ఆవిడ చెప్తుంది," అన్నాడు హుషారుగా.

కౌంటరు వెనకాయన సున్నివ వైపు తిరిగాడు.

ఆమె ఊలు ఉండల కిందనుంచి అట్టముక్క తీసి బల్లమీద పెట్టింది.

"పందొమ్మిది అంగుళాలవి. సన్నవి, మేకులున్నవి. ఈ బండి బరువుకి తట్టుకునేవి. బ్రేకుకి తగల్దు, పెట్టి చూశాను."

"ఇదెక్కడిది?" అన్నాడు ఆస్గేర్. "సున్నీ, ఎప్పుడు చేశావిది?"

కౌంటరు వెనకాయన అట్టని తిరగేసి చూసి, కంప్యూటర్లో ఏదో నొక్కి, ఉన్నాయి, ఇవాళే బిగించొచ్చు అన్నాడు. "రంగేదమ్మా?"

సున్నివ కారు తాళం చెవి బల్లమీద పెట్టింది.

"రంగు మాత్రం ఆయన్ని అడగండి."