సెకండు గేరు యాడుందో

గోవిందన్న లారీలో సెకండు గేరు యాడుందో డ్రైవరు యేసేపు ఒక్కనికే తెలుసు. ఇంకెవడు ఎక్కినా గేరు పడక తిట్టుకుంటా దిగిపోవాల్సిందే. లివరుకీ గేరుబాక్సుకీ నడుమ రాడ్ల బుష్షులు అరిగిపోయి, లివరు గంజిలో గరిటె మాదిరి ఆడేది. సెకండు కావాలంటే లివరును ఇంజను డబ్బాకు తగిలేదాకా భుజమంతా పెట్టి అవతలికి నూకి, అప్పుడు ముందుకు పొడవాల. సరైన బండిలో ఆడ పడేది రివర్సు. ఈ మహాతల్లికి మాత్రం ఆడ సెకండు.

ఆదోని మిల్లు నుంచి ఎమ్మిగనూరుకు పత్తి బేళ్లు, మళ్లా ఖాళీగా వెనక్కి. ఏండ్ల తరబడి నూకి నూకి యేసేపు ఎడమ భుజం పోయింది. "బుష్షులు మార్పియ్యన్నా, సచ్చిపోతాండా" అని అడిగినప్పుడల్లా గోవిందన్న "ఈ సీజను పోనీప్పా" అనేటోడు. దున్నపోతు మీద వాన కురిసినట్లే. సీజన్లు పోతానే ఉన్యాయి.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో యేసేపు జరంతో మంచాన పడి, లేచి మిల్లుకొచ్చేసరికి లారీకి కొత్త బుష్షులు పడినాయి. లివరు ముట్టుకుంటే సాలు, కదిలింది. యేసేపుకు ఏడుపొచ్చినంత పనైంది.

"దేవుడు సూసినాడన్నా!" అన్నాడు.

గోవిందన్న మొగం తిప్పుకున్యాడు. పక్కన కోడుమూరు తట్టు నుంచి వచ్చిన లక్ష్మన్న అనే వయసు డ్రైవరు నిలబడి ఉన్యాడు.

"పాత లివరుతో తోలనని ఈయప్ప అంటే మార్పించినా. నీకు భుజం బాగలేదు గదా యేసేపా, ఇంక ఇంటికాడ ఉండు."

ఓరి నీ పాసుగూల! ఆ భుజం పోయింది ఎవని బండితో? ఆ మాట యేసేపు గొంతుదాకా వచ్చింది గానీ మింగినాడు. ఈ పని పోతే కూలికి పోవాల, పార ఎత్తే భుజం యాడుంది?

"ఇప్పుడు నొప్పేముందన్నా, బుష్షులు మారినాయి గదా. ఒక్కతూరి తోలి సూపిస్తా."

"సరే, గేటు దాటించు. సక్కగా పోయిందా, నువ్వే తోలుదువు."

యేసేపు ఎక్కినాడు. ఖాళీ బండిని సెకండులోనే ఎత్తడం అలవాటు. ఇది కొత్త లివరు, మెల్లగా, మెల్లగా అని మనసులో చెప్పుకుంటానే ఉన్యాడు. చెయ్యి వింటే గదా! భుజమంతా పెట్టి అవతలికి నూకి, ముందుకు పొడిచింది. గేరు సప్పుడు లేకుండా పడింది. ఎంత సుఖంగా పడిందిరా అని మురిసిపోతా క్లచ్చు వదిలినాడు. లారీ ఎగిరి వెనక్కి పోయి మిల్లు గోడను కూల్చింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. లక్ష్మన్న ఉరికొచ్చి లోపలికి తొంగి సూసినాడు. "రివర్సులో ఏసినావు గదన్నా" అన్నాడు మెల్లగా.

"దిగు యేసేపా" అన్నాడు గోవిందన్న.

యేసేపు లివరు వదల్లేదు. "ఆడ సెకండు ఉండేదన్నా. నీ బండిలో ఇన్నేండ్లూ ఆడే ఉండేది. బుష్షులు మార్పించినావు, బాగుంది. ఈ చెయ్యికి ఎవరు చెప్పాల?"

గోవిందన్న పడిపోయిన గోడ తట్టు సూస్తా నిలబడినాడు. యేసేపు భుజం పట్టుకొని దిగినాడు. లక్ష్మన్న ఎక్కి, సెకండు వేసుకొని, లారీని గేటు దాటించినాడు.