తెర మూలన సునంద

సునందకి నలభై ఆరేళ్ళు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదట కీబోర్డుని చీర కొంగుతో తుడుస్తుంది. ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలో, కాబోయే టీచర్లకి క్లాసులో కంప్యూటర్ వాడటం నేర్పుతుంది. "స్లయిడ్ మీదున్నది చదివేయకండి, పిల్లల మొహాలు చూడండి." ఏటా అదే మాట, అదే గొంతునొప్పి. ఉద్యోగం ఇప్పటికీ కాంట్రాక్టే.

ఆ ల్యాబులో తెర మీద ఏ పాఠం వేసినా, దాన్ని తయారుచేసినవాళ్ళు కుడి మూలన కనిపిస్తారు, చేస్తున్నప్పుడు ఎలా ఉన్నారో అలాగే. ఫ్యాను చప్పుడు చేసినట్టే అదీనూ. ఎవరూ అడగరు. ట్రెయినీ ప్రీతి ఆకుల పాఠం చెబుతుంటే, మూలన ఆమె మొగుడు బనీనుతో కూర్చుని వీపు గోక్కుంటూ టైపు చేస్తున్నాడు.

"మీ ఆయన పాసయ్యాడు. నువ్వు మళ్ళీ చేసుకురా," అంది సునంద.

"నాకు రాదని ఆయనే చేశారు మేమ్."

"రాదనే కదమ్మా ఇక్కడికొచ్చావు."

ఫిబ్రవరిలో తనిఖీ వాళ్ళొస్తారని ప్రిన్సిపాల్ పార్థసారథి ఆమెని పిలిచాడు.

"నా ప్రెజెంటేషన్ కాస్త చేసిపెట్టండి సునందగారూ. మీ పర్మనెంట్ సంగతి తేల్చేద్దాం."

"పోయినసారీ ఇదే అన్నారు సార్."

"అచ్ఛా, ఈసారి పక్కా. మనమంతా ఒక కుటుంబం కదా."

తెర మూలన సునంద కనిపిస్తుందని ఆయనకి తెలుసు. మూలన పని చేసుకునే ఆడదాన్ని ఎవరూ పట్టించుకోరనీ తెలుసు.

తనిఖీ రోజు ల్యాబులో అలాగే మొదలైంది. పార్థసారథి ఉపన్యాసం దంచేస్తున్నాడు. మూలన ఆదివారం మధ్యాహ్నపు సునంద కీబోర్డు తుడిచింది, కుక్కర్ దించడానికి లేచింది, మళ్ళీ కూర్చుంది. ఏడో స్లయిడ్ దగ్గర తల వాల్చి నిద్రపోయింది.

ఎనిమిదోది రాలేదు. పార్థసారథి మౌసు నొక్కుతూనే ఉన్నాడు. చేసిన మనిషి లేస్తేనే పాఠం కదులుతుందని ట్రెయినీలందరికీ తెలుసు.

"వెళ్ళి లేపండి. మీరు పిలిస్తే లేస్తుంది," అన్నాడాయన గొంతు తగ్గించి.

సునంద తెర దగ్గరికి వెళ్ళింది. తను నిద్రపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. చెంప కీబోర్డు మీద నొక్కుకుపోయింది. తెరలోనే వెనక నుంచి భర్త సదాశివరావు వచ్చి, ఖాళీ టీ కప్పు ఆమె తల పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

"ప్రీతీ, ఆ లైటు ఆర్పెయ్యమ్మా. కళ్ళల్లో పడుతోంది."

ప్రీతి ఆర్పేసింది.

"మీ పోస్టు గురించి ఆలోచించుకోండి," అన్నాడు పార్థసారథి.

"ఆలోచించాను సార్. ఆ రోజు పాలవాడు బెల్లు కొట్టేదాకా లేవలేదు. ఇవాళా లేవదు."

తనిఖీ వాళ్ళు కాసేపు కూర్చుని, వాచీలు చూసుకుని, సమోసాలు తిని వెళ్ళిపోయారు.

పర్మనెంటు పోస్టు పార్థసారథి మేనల్లుడికి వచ్చింది. ప్రీతి పరీక్ష పాఠంలో మూలన ప్రీతే ఉంది, ఒక్క వేలితో టైపు చేస్తూ. ఆమెకి మార్కులు వేసేసి సునంద ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత ఎవరికీ స్లయిడ్లు చేసిపెట్టలేదు. సదాశివరావుకి టీ కూడా పెట్టలేదు.