పొడికి అంటు లేదు

ఆండాళమ్మగారిని నేను జన్మలో గౌరవించలేదు. ఎదురుపడితే దారి ఇచ్చి తప్పుకున్నాను, పిలిస్తే పలికాను, చెప్పిన పని చేశాను. అదే గౌరవం అనుకుంది ఆమె. ఆమె తెలివి అంతవరకే.

గరిడేపల్లి పట్వారి ఇల్లు ఆమెది. పట్వారి వరదాచార్యులు ఆమె కొడుకు. ఊళ్లో ఎవరి చెలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తల్లి నోరు తెరిచిందంటే మాత్రం వాసాలు లెక్కపెడుతూ కూర్చునేవాడు. కోడలు చూడామణిది కోదాడ. నోట్లో నాలుక లేని మనిషి. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నాకు అందరికంటే ఎక్కువ ఒళ్లు మండింది ఆమెను చూస్తేనే. అత్త ఏమన్నా కొంగు సర్దుకుని లోపలికి పోయేది. ఈమెకంటే రాతిబొమ్మ నయం అనుకునేదాన్ని.

నా పేరు సరోజ. ఊరవతల మా వాడలో లాజరు కూతుర్ని. మిర్యాలగూడ దవాఖానలో రెండేళ్లు ఆయాగా చేసి వచ్చాను. పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం డాక్టరు వారానికోసారి మా ఊరికి వచ్చేవాడు. ఆయనకు చేతికింద పని నేను చూసేదాన్ని.

ఆ ఎండల్లోనే చూడామణికి ఆడపిల్ల పుట్టింది. రెండో కాన్పు. మొదటి బిడ్డ నెల తిరక్కుండానే విరేచనాలు పట్టుకుని పోయాడు. ఈసారి మూడో రోజుకే తల్లికి జ్వరం వచ్చి పాలు ఇంకిపోయాయి. బర్రెపాలు పడితే పిల్ల కక్కేసింది. డాక్టరు చూసి డబ్బాపాలు పట్టమన్నాడు. సూర్యాపేటకు లారీలో సాయం డబ్బాలు వచ్చి ఉన్నాయి.

"రెండు తీర్లున్నయి సరోజా. ఒకటి చిక్కటి పాలు, ఇంకోటి పాలపొడి. ఒక్క పిల్లకు ఒక్కటే రకం ఇస్తరు. ఏది కావాల్నో ఇంటోళ్లనే అడుగు" అన్నాడు. అంత చదువు చదివి, తను తేల్చాల్సిన సంగతిని తెచ్చి ఆండాళమ్మగారి ముందు పెట్టాడు. పట్వారి ఇంటితో మాట పడటం ఆయనకు మాత్రం ఎందుకు?

రెండు రకాలూ ఒక్కొక్కటి చంకలో పెట్టుకుని వెళ్లి వాకిట్లో నిలబడ్డాను. నా ఆలోచన నాకుంది. చిక్కటి పాల డబ్బాకు చిల్లు పెడితే ఆ ఎండకు పొద్దుగూకేసరికి పులుస్తుంది. పొడి అయితే గట్టిగా మూతపెట్టి దాచుకోవచ్చు, పిల్ల ఏడ్చినప్పుడల్లా కావలసినంత కలుపుకోవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లుంటే చాలు. ఇదంతా చెబుదామని నేను నోరు తెరిచేలోపే ఆండాళమ్మగారు అరుగు మీది నుంచి తీర్పు చెప్పేసింది.

"ఆ నీళ్లపాలు ఎవరు కాచిన్రో, ఏ గిన్నెల కాచిన్రో! నా గడప తొక్కనియ్య. పొడి పెట్టిపో. పొడికి అంటు లేదు."

కారణాలు వేరైనా ఇద్దరి మాటా ఒకటే అయింది కదా అని సంతోషపడ్డాను. అంత తెలివితక్కువ సంతోషం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. ఆమె డబ్బా మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి శుద్ధి చేసుకుంది. మా వాడ నుంచి ఆ వాకిలి దాకా నా చెమటంతా దానికే పట్టింది. నాలుగు చుక్కలకు అది పోయిందట.

పురుడు వెళ్లేదాకా ఏ ఇబ్బందీ రాలేదు. ఆ పది రోజులూ తల్లీపిల్లా మైలలో ఉంటారు కనుక పురిటిగది వైపు ఇంటివాళ్లెవరూ రారు. నాలాంటిదాన్ని రానిస్తారు. మైలకు మైల తోడు. గది మూల కుంపటి పెట్టి నీళ్లు తెర్లేదాకా కాచేదాన్ని. చల్లారాక పొడి కలిపి ఉగ్గుగిన్నెతో పట్టేదాన్ని. పిల్ల తాగింది, నిద్రపోయింది, బుగ్గలు కాస్త తేలాయి. చూడామణి మంచం మీద నుంచి నా చేతుల్నే చూస్తూ ఉండేది. ఒక్క మాట అడిగేది కాదు.

పదకొండో నాడు స్నానం చేయించారు. తల్లీపిల్లా శుద్ధమై లోపలికి పోయారు. నేను ఎప్పటిలాగే వాకిట్లో మిగిలాను. డబ్బా ఆండాళమ్మగారి వంటింటి గూట్లోకి చేరింది.

మూడు రోజుల తర్వాత పెరటి దారిన పోతుంటే పిల్ల ఏడుపు వినిపించింది. ఏడుపు అనడానికి లేదు, మూలుగు. గుమ్మం అవతల నుంచి తొంగి చూశాను. ఆండాళమ్మగారు బిందెలోంచి పచ్చినీళ్లు వంచి వెండిగిన్నెలో పొడి కలుపుతోంది.

"అమ్మా, నీళ్లు కాగబెట్టలేదా?"

"ఎందుకు కాగబెట్టాలె? మడి కట్టుకోని నేను చేదిన నీళ్లు."

"కాగబెట్టకుంటే పిల్లకు విరేచనాలైతయి. డాక్టరు సారు మరీ మరీ చెప్పిండు."

"నీకేం తెలుసే? పొడిగున్నంతసేపే అంటు లేదు. వేడి తగిలిందంటే వంట అయితది. నువ్వు ముట్టినదానితోని వంట చేసి నా పొయ్యి చెరుపుకోవాల్నా?"

"నీళ్లు వేరేగ కాచి, చల్లారినంకనే కలుపుండ్రి."

"కాగిన నీళ్లు కాగిన నీళ్లే."

"మా నాయిన పండించిన బియ్యం మీ పొయ్యి మీదనే ఉడుకుతున్నయి గద అమ్మా!"

"బియ్యం వేరు" అంది.

ఎందుకు వేరో ఆమెకూ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. పొద్దుటి నుంచి ఆరు విరేచనాలయ్యాయని పనిమనిషి దుర్గమ్మ చెప్పింది. పిల్ల కళ్లు లోపలికి పోయాయి, నడినెత్తి గుంటపడింది. పోనీ చిక్కటి పాలే తెద్దామా అంటే దానికైనా నీళ్లు కలపాల్సిందే, అవీ ఈ బిందెలోవే. లోపల కూర్చున్న వరదాచార్యులు వాసాల వైపు చూశాడు. చూడామణి వంటింటి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నాకేసి ఒకసారి చూసి, కొంగు సర్దుకుని లోపలికి తిరిగింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మొదటోన్ని గిట్లనే పోగొట్టుకుంటివి, ఇగ దీన్ని గూడ పోగొట్టుకో చిన్నమ్మా!" అని గట్టిగానే అన్నాను. ఆ మాట ఆమెకు తగలాలనే అన్నాను.

అయిదు నిమిషాలు కాలేదు. చూడామణి బయటికి వచ్చింది. భుజం మీద పిల్ల, చేతిలో పాలపొడి డబ్బా.

"అత్తయ్యా, నేను బయట చేరాను" అంది.

ఆండాళమ్మగారి చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే. పిల్లను ముట్టుకున్నాను. డబ్బా కూడా ముట్టుకున్నాను."

"డబ్బా ఎందుకు ముట్టినవే!"

చూడామణి ఆ డబ్బాను ముందుకు చాచింది. "పొడే కదా అత్తయ్యా. పొడికి అంటు లేదన్నారుగా. తీసుకోండి."

ఆండాళమ్మగారు రెండడుగులు వెనక్కి వేసింది. కోడలు ఒకడుగు ముందుకు వేసింది. ముసలామె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గోడకు ఆనుకుపోయింది. డబ్బా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. చూడామణి చెయ్యి కిందికి దించలేదు. మడి, శాస్త్రం, పొడి, తడి అని ముసలామె ఇన్నాళ్లూ చెప్పిందంతా నా కళ్లముందే గోడకు అతుక్కుపోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

"పో! కొట్టం పక్క గదిల పడు! పిల్లను, డబ్బాను గూడ తీస్కపో!" అని అరిచింది ఆండాళమ్మగారు.

కొట్టం గదిలో చాప పరిచి, పిల్లను పడుకోబెట్టి, చూడామణి నా వైపు తిరిగింది. "నీళ్లు ఎంతసేపు కాగాలి సరోజా? నువ్వు చేస్తుంటే చూశాను గానీ, ఎంతసేపో సరిగ్గా తెలియలేదు."

"చిన్నమ్మా, నిజంగనే ముట్టయిందా?"

"కాన్పయి పద్నాలుగు రోజులు. పాతదే ఇంకా ఆగలేదు. కొత్తగా చేరేదేముంది?"

నాకు సిగ్గేసింది. ఆ ఇంట్లో అందరికంటే తక్కువగా నేను చూసింది ఆమెనే. నేను అన్న మాటను వెనక్కి తీసుకునే దారి లేదు. మూడు రాళ్లు తెచ్చి పొయ్యి పెట్టాను. మర్నాడు డాక్టరు మందిచ్చాడు. నాలుగో రోజుకు పిల్ల గొంతెత్తి ఏడ్చింది.

మూడు రోజులు కావలసింది నెలయింది. నెల రెండయింది. "అయిందా?" అని ఆండాళమ్మగారు అరుగు మీది నుంచి అడిగేది. "ఇంకా కాలేదత్తయ్యా" అని చూడామణి లోపలి నుంచి చెప్పేది. కోడలికి ఏదో రోగమని ముసలామె ఊరంతా చెప్పుకుంది. చూడామణి కొట్టం గదిలోనే తిన్నది, అక్కడే పడుకుంది, దోమలతో, పేడ వాసనతో. గడప లోపలికి పోతే శుద్ధమైపోతానని ఆమె భయం. డబ్బా అయిపోయినప్పుడల్లా డాక్టరును అడిగి ఇంకోటి నేను తెచ్చేదాన్ని. పిల్ల మాత్రం ఖాళీ డబ్బా చప్పుడుకు కేరింతలు కొట్టేంతదయింది.

మూడో నెలలో ఒకరోజు ఆండాళమ్మగారు నన్ను వాకిట్లోకి పిలిచింది. "ఏమే సరోజా, నా కోడలికి ఇంకెన్ని దినాలు?"

"ఇంకో రెండు డబ్బాలమ్మా" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. లేచి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున పాలేరు బక్కయ్య కొట్టం గుమ్మం ముందు ఇంత కట్టెలమోపు దబ్బున పడేశాడు.

"ఎవలు పంపిన్రు?" అన్నాను.

"పెద్దమ్మగారు. నీళ్లు కాచుకోనీకి గావచ్చు. ఎండుకట్టెలకు అంటు లేదని చెప్పుమన్నది."

ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. కట్టెలు మాత్రం పొయ్యిలో పెట్టాను.