పిడికిట్లో జనం

ఊళ్లోకి సెల్‌ఫోన్లు రాకముందే చెయ్యి చెవికి ఆనించుకుని తిరిగిన మనిషి బొజ్జయ్య. పొద్దున్నే ఎడం చేత్తో వేపపుల్ల నమిలి, ఎడం చేత్తోనే టీ కాచుకుని, గుడిసె ముందు నులకమంచం మీద కూర్చునేవాడు. అప్పుడు బిగించిన కుడి పిడికిలిని చెవి దగ్గర పెట్టుకునేవాడు. లోపల వేలమంది జనం "బొజ్జయ్యా, బొజ్జయ్యా" అని అరుస్తుండేవాళ్లు. వింటూ ఉండగానే టీ చల్లారిపోయేది.

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆ ఊరికి ఇదేం వింత కాదు. చేలో అడవిపందులు పడ్డాయంటే బొజ్జయ్యని పిలుచుకుపోయి పిడికిలి పైకెత్తమనేవాళ్లు. ఎత్తగానే లోపలి జనం ఒక్కసారిగా గోల పెట్టేవాళ్లు. పందులు వెనక్కి చూడకుండా పారిపోయేవి. ఆ తర్వాత ఎవరింటికి వాళ్లు పోయేవాళ్లు. పాపం, అంత పెద్ద మనిషికి ఒక పూట అన్నం పెడదామని ఎవరికీ తోచేది కాదు. తోచినా ఆయన వచ్చేవాడు కాదనుకోండి.

ఆయన ఒకప్పుడు మిలిట్రీలో హెవీ వెయిట్ బాక్సర్. టేకు మొద్దులాంటి కుర్రాడని సెలక్షన్లో చూడగానే తీసుకున్నారు. తుపాకీ కన్నా ముందు గ్లౌజులు తొడిగారు. ఏళ్ల తరబడి గంట కొట్టగానే లేచి కొట్టాడు, తిన్నాడు. ముక్కు విరిగింది, ఎడం చెవి మందగించింది. చివరికి కలకత్తాలో పెద్ద పోటీ ఫైనల్లో తనకన్నా జానెడు పొడుగున్నవాణ్ణి పడగొట్టాడు. రిఫరీ కుడి చెయ్యి పైకెత్తగానే స్టేడియమంతా ఆయన పేరుతో మోగిపోయింది. అడవిలో పుట్టినవాడు తన పేరు అంతమంది నోట వినడం అదే మొదలు. రింగు దిగితే ఇదంతా అయిపోతుందని భయం వేసింది. ఆ కేకలు జారిపోకుండా గ్లౌజు లోపలే పిడికిలి గట్టిగా బిగించాడు.

గ్లౌజుని కత్తితో కోసి తీయాల్సి వచ్చింది. డాక్టర్లు ఎక్స్‌రేలు తీసి ఎముకలన్నీ బాగానే ఉన్నాయన్నారు. తుపాకీ పట్టని చెయ్యి మిలిట్రీకెందుకు? పింఛనిచ్చి ఇంటికి పంపారు. పెళ్లి సంబంధాలూ వచ్చాయి, కానీ తాళి కట్టడానికి రెండు చేతులూ కావాలి కదా, వద్దన్నాడు. నిజానికి విప్పాలనుకుంటే విచ్చుకునే పిడికిలే అది. విప్పితే జనం వెళ్లిపోతారు, అంతే.

ఆ ఊళ్లో కొత్త పంట మొదటిసారి వండుకునే కొత్తల పండగనాడు రెండు వరసల్లో విస్తళ్లు వేస్తారు. ఒకటి పోయిన పెద్దలకి, ఒకటి ఉన్నవాళ్లకి. ఊరిపెద్ద దూలయ్య ఒక్కొక్క పేరే పిలుస్తాడు. పిలిచినవాళ్లు "ఉన్న" అని పలికి కొత్తబియ్యం అన్నం కుడి అరచేతిలో పట్టాలి. బొజ్జయ్య ఏనాడూ పోలేదు. ఆయన పేరు వచ్చినప్పుడల్లా అక్క నాగక్క లేచి, "ఉన్నడు, ఉన్నడు" అని బదులు చెప్పేది.

టేకులపల్లిలో సెల్ టవర్ లేచిన ఏడు, పండగ ముందురోజు నాగక్క తమ్ముడి గుడిసెకి వచ్చింది.

"తమ్మీ, దూలయ్య మామ ఈ ఏడు నా మాట పట్టనంటుండు. ఉన్నోడైతే ఆని నోటితోనే చెప్పాలంట."

"చెప్పకుంటే ఏందంట?"

"నీ ఇస్తరి పెద్దల వరసల ఎయ్యమంటుండు. మీ బావ ఇస్తరి పక్కన." నాగక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పోయిన మొగనికి ఏసే చేత్తోనే నీకెట్ల ఎయ్యాల్రా?"

"ఎయ్యి. నాకు నా జనం ఉన్నరు."

"ఆళ్లు పిలుస్తరు సరే. నువ్వు పలికితే ఇంటరా?"

అక్క వెళ్లిపోయాక బొజ్జయ్య పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని "ఉన్న" అన్నాడు. లోపల గోల గోలగానే ఉంది. ఇంకా గట్టిగా అన్నాడు. ఒక్కడూ ఆగలేదు. ఇన్నేళ్లలో ఆయనకి అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు ఇప్పచెట్ల కింద విస్తళ్లు పడ్డాయి. బొజ్జయ్య వచ్చి, పిడికిలి చెవికి ఆనించుకుని, దూరంగా ఒక చెట్టు చాటున నిలబడ్డాడు.

"బొజ్జయ్యా!" అని పిలిచాడు దూలయ్య.

నాగక్క ఈసారి బదులు చెప్పలేదు. ఆమె చేతిలో ఒక విస్తరి మిగిలి ఉంది. బొజ్జయ్య పలకబోయాడు కానీ, చెవిలో గోలకి తన గొంతు తనకే వినపడలేదు. దూలయ్య మళ్లీ పిలిచాడు. కాసేపు చూసి నాగక్క పెద్దల వరసలో, తన మొగుడు జంపయ్య విస్తరి పక్కన దాన్ని వెయ్యడానికి వంగింది.

బొజ్జయ్య పిడికిలి విప్పాడు.

జనం బయటికొచ్చారు. ఆ కేకలు విస్తళ్లని ఎగరగొట్టి, కోళ్లని చెదరగొట్టి, చెట్ల మీదుగా పోయి, అడవిలో ఎక్కడో ఒక్కసారి "బొజ్జయ్యా" అని వినిపించి ఆగిపోయాయి. ఆడవాళ్లు గొణుక్కుంటూ విస్తళ్లు ఏరుకొచ్చారు. బొజ్జయ్య ఖాళీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. ఏమీ లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

దూలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆఖరుసారి పిలుస్తున్న. బొజ్జయ్యా!"

పిలిచి, ఆగాడు. ఊరంతా ఆగింది.

"ఉన్న," అన్నాడు బొజ్జయ్య.

నాగక్క లేచి ఆ విస్తరిని తెచ్చి ఉన్నవాళ్ల వరసలో తన పక్కనే పరిచింది. ఏళ్ల తరబడి ఎండ తగలని ఆయన అరచెయ్యి పసిపిల్లల పాదంలా తెల్లగా, మెత్తగా ఉంది. వేడి అన్నం పెట్టగానే చుర్రుమని సగం మెతుకులు కింద పడ్డాయి. మిగిలినవి గబగబా నోట్లో కుక్కుకున్నాడు.

"మెల్లగ తిను తమ్మీ," అంది నాగక్క. "ఈడ గంట కొట్టేటోళ్లు ఎవ్వరు లేరు."