ఎదురుగది ముందు వరస

యూనివర్సిటీలో ప్రొఫెసర్ లొరేన్ గదిలో విద్యార్థుల కోసం వేసిన కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. ఎదురుగదిలో కొత్తగా చేరిన వెస్లీ కోసమైతే పిల్లలు మంచు అంటిన బూట్లతో నేలమీదే కూర్చుని ఎదురుచూసేవారు. ఏం చూసి ఎగబడుతున్నారో! ఆమెకు కడుపు మండిపోయేది.

అతని ఉద్యోగం పర్మనెంటయ్యేదాకా ఏటా అతని పనిని బేరీజు వేసి సలహా చెప్పాల్సింది ఆమే.

"ఈ పిల్లల్ని నెత్తికెక్కించుకుంటే నీ ఉద్యోగం నిలబడదు వెస్లీ. తలుపేసుకుని పరిశోధన చూసుకో."

"నా మంచి కోరి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదండీ!" అన్నాడతను.

మర్నాడు ఎదురుగది తలుపు మూసి ఉంది. లొరేన్ తన తలుపు బార్లా తెరిచి, కుర్చీ దుమ్ము దులిపింది. ఒకమ్మాయి తొంగిచూసింది.

"రామ్మా, కూర్చో!"

"వద్దండీ. వెస్లీ గారు తలుపు తీసేదాకా ఆ కుర్చీ బయటేసుకోనా?"