సాంచాలు ఆగిన చోట

నేను ఒక ఫ్లెక్సీని. ముక్కు చిట్లించకండి. ఊళ్లో స్తంభానికీ స్తంభానికీ మధ్య ఊగుతూ, బస్సు దిగినవాడికి ఊరే కనపడకుండా అడ్డం నిలబడేది మా జాతేనని నాకూ తెలుసు. తాడు తెగితే బండి మీద పోయేవాడి మొహానికి చుట్టుకుంటాం. నానం, కుళ్లం, మట్టిలో కలవం. మమ్మల్ని తిట్టని మనిషి లేడు, తన పుట్టినరోజుకు మమ్మల్ని కట్టించుకోని మనిషీ లేడు.

నేను పుట్టింది సిరిసిల్లలో, బస్టాండు పక్కన ఉన్న ప్రింటింగు షాపులో. ఒక వార్డు నాయకుడి జన్మదిన శుభాకాంక్షల కోసం పుట్టాను. ఆయన నలుపు. అనుచరులు వచ్చి "అన్నను జర తెల్లగ చెయ్యి" అన్నారు. చేశారు. ముందు భాగంలో జుట్టు లేదు. మొలిపించారు. కింద వరసలో చిన్నచిన్న మొహాలు చాలా ఉన్నాయి. వాటిలో తన మొహం పక్కవాడి మొహం కన్నా చిన్నదయిందని నాయకుడి బావమరిది నానా యాగీ చేశాడు. మనుషులకు పోలిక కావాలి, కానీ ఉన్నది ఉన్నట్టు మాత్రం ఉండకూడదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని ఊరుకున్నాను.

పుట్టినరోజు అయిపోయింది. నా వంక తలెత్తి చూసినవాడు లేడు. ఒక గాలివాన సాయంత్రం తాళ్లు తెంపుకొని ఎగిరి, పక్కనున్న ప్రైవేటు బడి ఆవరణలో పడ్డాను.

ఆ బడిలో చిన్న తరగతులకు బొమ్మలు నేర్పే నీరజ టీచర్ నన్ను చూసి, చెత్తలో వేయించకుండా తీసుకుపోయి సబ్బు పెట్టి కడిగింది. కడిగి, వరండాలో బోర్లా పరిచింది. నాయకుడి మొహం నేలకు, నా వీపు ఆకాశానికి. నా వీపు తెల్లగా ఉంటుందని అప్పటిదాకా నాకే తెలియదు. మనకు వెనక ఒక వైపుందని ఎవరైనా గుర్తు చేస్తే తప్ప తెలియదు కదా.

నీరజ టీచర్ హైదరాబాదులో చిత్రకళ చదువుకొని వచ్చిన మనిషి. ఆమె వేసిన బొమ్మల్లో చెట్టూ పిట్టా ఉండవు, రంగులే ఉంటాయి. అవన్నీ చుట్టలు చుట్టి ఇంట్లో మంచం కింద ఉన్నాయట. చుట్టాలు పెళ్లిళ్లకు ముగ్గులేయమని పిలుస్తారు తప్ప ఆ చుట్టలు విప్పమని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లతో పని కాదని తేల్చుకొని, పిల్లలకైనా నేర్పుదామని ఈ బడిలో చేరింది. ఆమెకు కోపం ఎక్కువ, మాట తక్కువ. ఎవరికైనా ఏదైనా విడమరిచి చెప్పాలంటే నాలుక తడబడుతుంది. అదే ఆమె కొంప ముంచింది.

మొదటి రోజు "మీకు నచ్చింది గీయండి" అని పిల్లలకు కాగితాలిచ్చింది. అందరూ ఒకటే గీశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, వంకర్లు పోయే నది. ఒకటో తరగతి పిల్లలు, ఇంకా పళ్లు ఊడుతున్న పిల్లలు! సిరిసిల్లలో ఎవరి వాకిట్లో కొబ్బరిచెట్టుందని? మానేరు వాగు ఉంది గానీ ఏ గుడిసె పక్కనుంచీ అంత వయ్యారంగా పోదు. "ఇదెక్కడ చూసిన్రు?" అని టీచర్ అడిగింది. "మా అక్క గీస్తది టీచర్" అన్నారు. ఆ అక్కకు ఇంకో అక్క నేర్పి ఉంటుంది.

మరుసటి వారం టీచర్ తలా ఒక చింతకాయ ముక్క నాలుక మీద పెట్టింది. "ఇప్పుడు చింతకాయ గీయొద్దు. పులుపు గీయండి" అంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నా మీద పడ్డారు చూడండి! పచ్చ, పసుపు, ఎరుపు. కుంచెలతో, వేళ్లతో, ఒకడు మోచేత్తో. ముక్కులు ముడుచుకొని, కళ్లు మూసుకొని గీశారు. నాకు ఒళ్లంతా కితకితలు. పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి చెప్పినా ఎక్కని సంగతి ఆ పిల్లలకు ఒక చింతకాయ ముక్కతో ఎక్కింది. పీరియడ్ అయ్యాక టీచర్ నన్ను కడిగి ఆరేసేది, మళ్లీ వారం పరిచేది. నేను నీళ్లు తాగే జాతి కాదు కాబట్టి రంగులు నా మీద నిలవవు. నిలవాలనుకున్న రోజున ఆమె రంగులో తెల్లబంక కలిపేది.

అలా బంక కలిపిన రోజు "చప్పుడు గీయండి" అంది. "మీ ఇంటికాడ ఏం చప్పుడు ఇనవడ్తది? అది గీయండి."

సిరిసిల్లలో ఎవరి ఇంటి దగ్గరైనా వినపడే చప్పుడు ఒకటే. సాంచాలు. అంటే మరమగ్గాలు. తెల్లవార్లూ టకటకటక కొట్టుకుంటూనే ఉంటాయి. అక్కడి పిల్లలు ఆ చప్పుడులోనే పుడతారు, దానిలోనే నిద్రపోతారు. తరగతిలో తన్విత అనే పిల్ల ఉండేది. ఆమె బాపు శ్రీహరి ఒకరి కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. తన్విత మాట్లాడితే పక్కన కూర్చున్న పిల్లకు కూడా వినపడదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, నోరెత్తదు. ఆ పిల్ల నా నడిమధ్యకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. నల్లరంగుతో పొట్టి పొట్టి గీతలు మొదలుపెట్టింది. దగ్గర దగ్గరగా, ఒకదాన్ని ఒకటి తరుముతున్నట్టు. మధ్యమధ్య ఒక ఎర్ర చుక్క. మిగతా పిల్లలు రెండు నిమిషాల్లో చేతులు కడుక్కొని పోతే, ఈ పిల్ల గంట కొట్టినా లేవలేదు. ఆ వారం, పై వారం కూడా వచ్చి గీసింది. టీచర్ ఆ బొమ్మను కడగలేదు. చుట్టూ గీతలు నిండాయి గానీ, మధ్యలో తలగడంత మేర తన్విత ఏమీ వేయకుండా వదిలేసింది.

"ఈడ రంగు వెయ్యవా?" అని టీచర్ అడిగింది.

"వెయ్య."

"ఎందుకు?"

"ఈడ సాంచాలు బందువెట్టిన్రు." ఆ పిల్ల తలెత్తలేదు. "పొద్దుగాల నాకు మెలకువొచ్చింది. ఏం ఇనవడలే. మా బాపు గడప మీద కూసున్నడు. ఏమైంది బాపూ అంటే పలుకలే."

బట్టకు ఆర్డర్లు రాలేదని యజమాని ఆ వారం మగ్గాలు ఆపేశాడు. ఊరంతటికీ తెలిసిన సంగతే. చప్పుడులో హాయిగా నిద్రపోయే పిల్ల, చప్పుడు లేక లేచి కూర్చుంది. తండ్రికి ఏం చెప్పాలో ఆ పిల్లకు తెలియలేదు. ఇదిగో, ఇక్కడ చెప్పింది.

నీరజ టీచర్ బాగుందనలేదు, శభాష్ అనలేదు. నేల మీద కూలబడి చాలాసేపు చూసింది. "మా బాపుకు సూపిస్త టీచర్" అంది తన్విత. "వార్షికోత్సవానికి పిలువు. నేను కూడ చెప్త" అంది టీచర్.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నన్ను చేసినవాళ్లూ కట్టినవాళ్లూ నా ఒంటి మీద జానెడు జాగా మిగల్చలేదు. తలగడంత చోట నన్ను నన్నుగా వదిలేసింది ఆ ఒక్క పిల్లే. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

వార్షికోత్సవం వచ్చింది. నన్ను స్టేజీ పక్కన గోడకు కట్టారు. పొద్దున్నే కరస్పాండెంట్ లింగమూర్తి సార్ వచ్చి నా ముందు ఆగాడు. చెడ్డవాడు కాదు. బడి నడవాలి, తల్లిదండ్రులు సంతోషపడాలి, అంతే ఆయన గోల.

"గిదేంది టీచర్?"

"పిల్లలు గీసిన్రు సార్. నైరూప్య చిత్రం అంటరు దీన్ని. రూపం ఉండదు."

"రూపం లేకుంటె అది బొమ్మెట్లయితది?"

"చప్పుడు సార్ అది. సాంచాల చప్పుడు. అంటే... మనం చూసేది కాదు సార్, మనకు లోపల..." నీరజ టీచర్ నాలుక తడబడింది. చెయ్యి గాలిలో తిప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నిజం చెప్పాలంటే ఆ శంఖం కూడా సరిగ్గా ఊదలేదు.

"చప్పుడు సంగతి సరే. నడుమ జాగ అట్లనే ఇడిసిపెట్టిన్రు. పని అయిపోలేదనుకుంటరు పేరెంట్స్" అన్నాడు సార్. ఇంతలో ఎవరో పిలిస్తే టీచర్ పిల్లలకు వేషాలు కట్టడానికి లోపలికి పోయింది.

గేటుకు బడి పేరు రాస్తున్న పెయింటర్ సదానందాన్ని సార్ పిలిచాడు. ఒకప్పుడు ఊళ్లో ప్రతి బోర్డూ సదానందం రాసిందే. మా ఫ్లెక్సీలు వచ్చి అతని కుంచెను ఎండబెట్టాయి. నన్ను చూడగానే మొహం అదోలా పెట్టాడు. "ఈ నడుమ ఏదన్న మంచి బొమ్మ ఎయ్యి సదానందం, నెమలో ఏదో" అన్నాడు సార్. ఎన్నాళ్లకో బొమ్మ వేయమని ఒకరు అడిగారు. సదానందం కళ్లు మెరిశాయి. గేటుకు తెచ్చిన ఎనామిల్ డబ్బాలు తెచ్చుకొని కూర్చున్నాడు. నీలం, ఆకుపచ్చ, కాస్త బంగారు రంగు. ప్రతి ఈకా విడివిడిగా, ప్రతి కన్నూ మెరిసేలా వేశాడు. అంత అందమైన నెమలిని నేనింకెక్కడా చూడలేదు. అది వేస్తున్నంతసేపూ నాకు ఊపిరాడలేదు.

నీరజ టీచర్ తిరిగొచ్చేసరికి నెమలి ఇంకా తడిగానే ఉంది. ఆమె మొహం పాలిపోయింది. గబగబా పోయి కిరోసిన్‌లో తడిపిన గుడ్డ పట్టుకొచ్చింది. తుడిస్తే పోయేది. తడి ఆరలేదు కదా. గుడ్డ నాకు బెత్తెడు దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడే శ్రీహరి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తన్విత చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. ఆ పిల్ల నన్ను చూసి ఆగిపోయింది.

"అరె, నెమలి!" అన్నాడు శ్రీహరి. "ఈకకు ఈక గీసినవు గద బిడ్డా! నువ్వే గీసినవా?"

తన్విత టీచర్ వంక చూసింది. టీచర్ గుడ్డను వెనక్కి దాచింది. "నెమలి కాదన్నా, చుట్టు సూడున్రి" అంది. "చుట్టు ఆమె గీసింది. ఆ గీతలు..."

శ్రీహరి శ్రద్ధగా చూశాడు. నిజంగానే చూశాడు పాపం. బిడ్డ గీసిందంటే అర్థం చేసుకోవాలని కళ్లు చికిలించి మరీ చూశాడు. తర్వాత మొహం విప్పారింది. "వాన గద! నల్లగ మబ్బువట్టి వాన కొడ్తుంది. అందుకే నెమలి ఆడుతుంది. ఎంత మంచిగ గీసినవ్ బిడ్డా!"

పక్కనున్న తల్లులు కూడా "అవ్, వాననే" అన్నారు. లింగమూర్తి సార్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అందరికీ అంతా అర్థమైపోయింది. మగ్గాలు ఆగినప్పటి నుంచి నవ్వని శ్రీహరి పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ బిడ్డను భుజానికెత్తుకున్నాడు. ఆ మొహం చూసి, కాదు అని చెప్పగలిగిన మనిషి అక్కడ లేడు. నీరజ టీచర్ వల్ల కాలేదు.

"వాననే గద బిడ్డా?" అని శ్రీహరి అడిగాడు.

"ఆఁ. వాన" అంది తన్విత. ఆ మాట అందరికీ వినపడింది.

ఆ రోజు ఆ పిల్లకు బహుమతి కూడా ఇచ్చారు. ఆ తర్వాత నన్ను తరగతి గోడకు కట్టారు. బొమ్మల పీరియడ్లో తన్విత "ఏం గియ్యాలె టీచర్?" అని ముందే అడిగేది. కాగితం మీద మూల మూలకూ రంగు నింపేది. చిటికెడు జాగా వదిలేది కాదు. కొన్నాళ్లు నీరజ టీచర్ పులుపనీ చప్పుడనీ చెప్పి చూసింది. పిల్లలు చింతకాయ తిని, నెమలి గీసేవాళ్లు. చివరికి ఆమె బోర్డు మీద తనే ఒక నెమలి వేసి, "ఇది చూసి గీయండి" అని కుర్చీలో కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆమె మాత్రం ఏం చేస్తుందనిపించింది. ఆ ఎండాకాలం ఆమె బడి మానేసింది. ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

నన్ను బడి వాచ్‌మన్ చెరకు రసం బండివాడికి ఇచ్చాడు. ఎండ తగలకుండా బండికి పక్కన పరదాలా కట్టారు. బొమ్మ రోడ్డు వైపుకు వచ్చింది. బంక కలిపిన రంగు ఎన్నాళ్లుంటుంది? మొదటి ఎండాకాలానికే పగిలింది, వానాకాలానికి పొట్టు పొట్టుగా రాలిపోయింది. నల్ల గీతలు పోయాయి. ఎర్ర చుక్కలు పోయాయి. ఎనామిల్ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ పిల్ల రంగు వేసిన చోటల్లా నేనిప్పుడు ఖాళీ. ఆ పిల్ల ఖాళీగా వదిలిన చోట మాత్రం నెమలి ఉంది.

మొన్న బడి వదిలాక ఇద్దరు ఆడపిల్లలు రసం తాగడానికి ఆగారు. ఒకతె పొడుగైంది గానీ పోల్చుకున్నాను, తన్వితే. ఇప్పుడు గలగలా మాట్లాడుతోంది. నన్ను చూసి ఆగి, స్నేహితురాలి చెయ్యి పట్టుకు గుంజింది.

"ఏయ్, గా నెమలి నేనే గీసిన. చిన్నప్పుడు. ప్రైజొచ్చింది."

స్నేహితురాలు నన్ను కిందికీ పైకీ చూసింది. "నెమలి మంచిగుంది. చుట్టు గంత జాగ ఉత్తగనే ఎందుకిడ్సినవే?"

తన్విత గ్లాసు చేత్తో పట్టుకొని కాసేపు నా వంకే చూసింది. అబద్ధమాడే మొహం కాదది. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే చూసింది.

"ఏమో" అంది. "ఏం గియ్యాల్నో తెల్వక ఇడ్సిన కావచ్చు."